సలహాదారుల కొలువు

ప్రభుత్వ కొలువు అన్న మాట వినగానే మన ఇండ్లలో పెద్దల ముఖాలు వికసిస్తవి. ప్రైవేటు కొలువు అనగానే "జీతమెంత?" అన్న ప్రశ్న వెలువడుతుంది. ఈ రెండింటి నడుమ మూడవ తరహా కొలువు ఒకటి మన కాలంలో మిక్కిలి విస్తరించింది. కూర్చునేది ప్రభుత్వ కార్యాలయంలో; జీతమిచ్చేది ఒక పెద్ద సలహా సంస్థ. ఈ కళాశాలకు తెలుగు బోధించడానికి రాకమునుపు రెండు సంవత్సరాలు నేను అట్టి కొలువు చేసి ఉన్నాను. మా విద్యార్థులు పట్టా పుచ్చుకొని వెళ్లే వేళ "సార్, కన్సల్టెన్సీ నుండి పిలుపు వచ్చింది, చేరమంటారా?" అని అడుగుతుంటారు. వరండాలో నిలబడి రెండు మాటలలో చెప్పదగిన జవాబు కాదది. అందువల్ల ఆ జవాబును ఈ పుటలలో కొంత విపులంగా వ్రాస్తున్నాను.

సలహా చెప్పడం లోకంలో పాత వృత్తియే. రాజుల కొలువులలో మంత్రులు, దివానులు చేసినది అదే. అయితే సలహాను ఒక సంస్థ సరుకుగా అమ్మడం గడచిన శతాబ్దపు పరిణామం. అమెరికాలోని చికాగో నగరంలో 1914లో ఎడ్విన్ బూజ్ అనే ఆయన స్థాపించిన సంస్థ, 1940లో ఆ దేశపు నౌకాదళానికి సలహాలివ్వడం మొదలుపెట్టింది. పొలారిస్ క్షిపణి నిర్మాణంలో వేలాది పనులను ఏది ముందు, ఏది వెనుక అని క్రమపరచడానికి 1950ల చివర రూపొందిన 'పెర్ట్' పద్ధతిలో ఆ సంస్థకు భాగమున్నది. మన కామర్సు విద్యార్థులు నేడు పరీక్షలకు చదివే పద్ధతి అదే. బూజ్ ఆలెన్ హామిల్టన్ అన్న పేరుతో నడుస్తున్న ఆ సంస్థ ఆదాయం దాదాపు అంతా అమెరికా ప్రభుత్వం నుండి వచ్చేదే. 2013లో ఆ దేశపు రహస్య నిఘాను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్, అప్పటికి ఈ సంస్థ ఉద్యోగి. ప్రభుత్వపు అత్యంత గోప్యమైన గదులలో కూడా కూర్చున్నవారు ప్రభుత్వోద్యోగులు కానక్కరలేదని లోకానికి ఆనాడు తెలిసివచ్చింది. 2025 మే నెలలో, ప్రభుత్వం ఖర్చులు తగ్గించిన సందర్భంలో, ఆ సంస్థ సుమారు 2,500 మందిని తొలగించనున్నట్లు ప్రకటించింది. ఒక్క యజమాని మీద ఆధారపడిన ఇల్లు ఎట్లుంటుందో దీనివల్ల ఊహించవచ్చును.

మన దేశం ఈ వృత్తికి కొత్తది కాదు. ప్రభుత్వమే సలహా సంస్థలను నెలకొల్పింది. జలవనరులకు వాప్కోస్ 1969లో, రైల్వేలకు రైట్స్ 1974లో ఏర్పడినవి. మన హైదరాబాదులోని బెల్లా విస్టా భవనంలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లోనే వెలసింది. విదేశీ సంస్థల ప్రవేశం తరువాతి కథ. 1999లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ 'విజన్ 2020' పత్ర రచనలో మెకిన్సీ సంస్థ పాలుపంచుకున్నది. ఆ పిమ్మట రాష్ట్రంలోనూ, దేశంలోనూ, ఏ పెద్ద పథకానికైనా 'ప్రాజెక్టు మేనేజిమెంటు యూనిట్' అనే చిన్న గది, అందులో నలుగురైదుగురు యువకులు, వారి ఎదుట ల్యాప్‌టాపులు, సర్వసాధారణ దృశ్యమైనవి.

2015లో నేనట్టి గదిలో అడుగుపెట్టాను. ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి, గంటల లెక్కన అతిథి అధ్యాపకుడిగా కాలం గడుపుతున్న రోజులవి. గ్రామాల సేవలకు సంబంధించిన ఒక శాఖలో పనిచేస్తున్న సలహా సంస్థకు తెలుగు వ్రాయగల మనిషి కావలసి వచ్చింది. పరీక్ష పెట్టారు, తీసుకున్నారు. వార్త చెప్పగానే అమ్మీ అడిగిన మొదటి ప్రశ్న "సర్కారీ నౌకరీయేనా?" అని. "దఫ్తరు సర్కారుది, తన్ఖా కంపెనీది" అన్నాను. "అట్లయితే నువ్వు ఎవరి మనిషివి బేటా?" అన్నదామె. బడి చదువు ఎక్కువ లేని మా తల్లి అడిగిన ఆ ప్రశ్నకు, నా రెండేండ్ల అనుభవమంతా వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

నా మెడలో రెండు గుర్తింపు కార్డులుండేవి. ఒకటి సంస్థది, రెండవది శాఖది. లేఖలు, నివేదికలు, మంత్రిగారి ప్రసంగాల ముసాయిదాలు మేము వ్రాసేవారము. ఫైలు మీద మాత్రం మేము సంతకం చేయరాదు. అక్షరం మాది, సంతకం అధికారిది. తప్పు జరిగితే జవాబు చెప్పవలసినవాడు ఆయన. మెప్పు వస్తే సంస్థ తన తరువాతి టెండరులో ఆ పనిని అనుభవంగా చూపుకుంటుంది. టెండరు ఏర్పాటు సైతం తెలుసుకోదగినది. సంస్థ ప్రతిపాదించిన పద్ధతికి, పంపబోయే మనుషుల చదువుకు, అనుభవానికి కొన్ని మార్కులు. అడిగిన ధరకు కొన్ని మార్కులు. రెండూ కలిపి ఎక్కువ వచ్చినవారికి పని దక్కుతుంది. ఆ మీదట ఒక్కొక్క మనిషికి నెలకింత అని సంస్థ ప్రభుత్వానికి బిల్లు పెడుతుంది. అందులో ఒక భాగమే ఆ మనిషికి జీతంగా ముడుతుంది. తక్కినది కార్యాలయపు ఖర్చులకు, పనిలేని వేళ ఖాళీగా కూర్చున్న ఉద్యోగుల పోషణకు, లాభానికి. దీనిలో దాపరికం లేదు. వృత్తి స్వభావమే అది.

ఖాళీగా కూర్చోవడాన్ని అక్కడ 'బెంచి మీద ఉండటం' అంటారు. మన తరగతిలో బెంచి మీద కూర్చున్నవాడు చదువుకుంటున్నవాడు. అక్కడ బెంచి మీద కూర్చున్నవాడు భయపడుతున్నవాడు. ప్రతి వారాంతమున గంటల పట్టిక నింపవలె. ఏ గంట ఏ పనికి వెచ్చించితిమో, ఆ పనికి గల సంకేత సంఖ్య క్రింద చూపవలె. ఒకనాడు పింఛను కాగితం పట్టుకొని వచ్చిన ఒక వృద్ధునికి, అది ఏ శాఖకు చెందినదో కనుక్కొని చెప్పడానికి నాకు ముప్పావు గంట పట్టింది. పట్టికలో ఆ ముప్పావు గంటకు సంకేత సంఖ్య లేదు.

ఇంత చెప్పినంత మాత్రాన ఆ కొలువు నిస్సారమని భావించరాదు. నేనక్కడ నేర్చుకున్నది స్వల్పం కాదు. ఇరవై పుటల విషయాన్ని ఒక్క పుటలోకి దించడం, అంకెను మరొక అంకెతో సరిచూడనిదే వ్రాయకపోవడం, సమావేశం ముగిసిన రోజే ఎవరేమి చేయవలెనో కాగితం మీద పెట్టడం, ఇవన్నీ నా సహోద్యోగుల వద్ద నేర్చినవే. మా జట్టు నాయకుడు వేరొక రాష్ట్రమువాడు, తెలుగు రానివాడు, రాత్రి పదింటి వరకు పనిచేసే కష్టజీవి. కులమతాల మాట ఆ గదిలో వినబడలేదు. రంజాను నెలలో ఇఫ్తారు వేళకు నన్ను ముందుగా పంపి, నా మిగిలిన పని తాను చేసిన మనిషి ఆయన.

చిక్కు వచ్చినది భాష దగ్గర. గ్రామస్థులకు సేవల వివరాలు తెలిపే కరపత్రం ఒకటి మా ఒప్పందంలో ఉన్నది. ఇంగ్లీషు పాఠం సిద్ధమైనది. దాని తెలుగు ప్రతి యంత్రం చేసిన అనువాదంగా నా బల్ల మీదికి వచ్చింది. తండ్రి మరణిస్తే భూమి బిడ్డల పేరిట ఎక్కించుకోవడాన్ని ఇంగ్లీషులో మ్యుటేషన్ అంటారు. యంత్రం దానిని 'ఉత్పరివర్తనం' అన్నది. అది జీవశాస్త్రంలో జన్యువులలో కలిగే మార్పుకు వాడే పదం! నకలు అనవలసిన చోట 'ధ్రువీకృత ప్రతిరూపం' అన్నది. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అర్థమయ్యే వాక్యమూ ఒక్కటి లేదు.

ఆ కార్యాలయంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సూపరింటెండెంటు ఉండేవారు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యే వరకు వారి తండ్రి పట్వారీ. పహాణీ, సేత్వార్, విరాసత్, సాదాబైనామా వంటి మాటలు ఆయన నాలుక మీద ఆడేవి. నా కాగితం చూచి, "బాబూ, ఇది చదివితే రైతు మనదగ్గరికి రాడు, డాక్టరు దగ్గరికి పోతాడు" అని నవ్వారు. ఆ మాటలలో సగం మా ఇంటి ఉర్దూ మాటలే. నిజాం కాలపు దఫ్తరులో పుట్టి, తెలుగు రైతు నోట తెలుగైపోయిన మాటలవి. విశ్వవిద్యాలయంలో అన్యదేశ్యాలు అని నేను చదివిన పదాలు, ఒక కుటుంబపు భూమిని నిలబెట్టగల పదాలని నాకక్కడ బోధపడింది.

కరపత్రాన్ని తిరగవ్రాసి, ఊరివారికి చదివి వినిపించి, ఆ మీదటనే అచ్చుకు ఇవ్వవలెనని నేను పట్టుపట్టాను. నాయకునికి గడువు చింత. కరపత్రం అందజేసిన నాడే ఆ విడత బిల్లు. "ఊరికి పోయే రోజును ఏ లెక్కలో చూపుదాం?" అని అడిగాడు. "సెలవుగా చూపండి" అన్నాను. ఆదివారం బస్సెక్కి, సూపరింటెండెంటుగారికి ఎరుకైన ఒక పల్లెకు పోయి, పొదుపు సంఘం ఆడవారి ముందు రెండు ప్రతులూ చదివాను. మొదటిది విన్న ఒక పెద్దమ్మ, "ఇంతకూ విరాసత్ సంగతి ఇందులో ఉన్నదా, లేదా బిడ్డా?" అని అడిగింది. రెండవది విని, మూడు చోట్ల మాటలు మార్పించింది. భర్త పోయి నాలుగేండ్లయినా, భూమి తన పేరిట ఎక్కలేదని, ఎక్కడ అర్జీ పెట్టుకోవలెనో ఇప్పుడు తెలిసినదని చెప్పింది. మా సంస్థ నివేదికలలో చోటు దొరకని ఫలితమది. కరపత్రం గడువు దాటి నాలుగు దినాలకు అందింది. సూపరింటెండెంటుగారు ఫైలు మీద అనుకూలంగా నోటు వ్రాశారు, అధికారి సంతకం చేశారు. బిల్లు ఒక నెల వెనుకబడింది. నాయకుడు తన పైవారితో మాటపడ్డాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

ఒప్పందం ముగిసిన రోజున మా గది ఖాళీ అయినది. పల్లె మాటలతో నేను కూర్చిన పదాల పట్టికను శాఖకు అప్పగించి వచ్చాను. అంతకు ముందే సూపరింటెండెంటుగారు పదవీ విరమణ చేశారు. తరువాతి టెండరు మరొక సంస్థకు దక్కింది. రెండు సంవత్సరాల పిమ్మట ఆ కరపత్రపు కొత్త ముద్రణ నా చేతికి వచ్చింది. కాగితం మేలైనది, బొమ్మలు చక్కనివి. విరాసత్ అన్న చోట తిరిగి ఉత్పరివర్తనమే కూర్చుని ఉన్నది.

నన్ను బాధించినది నా శ్రమ వృథాపోవడం కాదు. కార్యాలయానికి జ్ఞాపకశక్తి లేకుండా పోవడం. పాత గుమాస్తా పోతే కొత్త గుమాస్తాకు చెప్పి పోయేవాడు. ఒప్పందం మీద వచ్చినవాడు తాను నేర్చినదానిని తనతోనే మోసుకొని మరొక రాష్ట్రానికి పోతాడు. వాడి తప్పు అందులో లేదు. నిలిచి ఉండే మనుషులను శాఖ నియమించుకోనప్పుడు, చెప్పిపోవడానికి చెవి ఉండదు.

సలహా తీసుకోవడమే దోషమని నా అభిప్రాయం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచివేసినప్పుడు, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగింది. ఆయన బయటివారే. 1909లో వచ్చి నదిని, వాననీటి లెక్కలను పరిశీలించి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టవలెనని చెప్పారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. సలహాదారు వెళ్లిపోయినా, సంస్థానపు ఇంజనీర్లకు ఆ విద్య నిలిచింది. అలీ నవాజ్ జంగ్ వంటి స్వదేశీ ఇంజనీరు ఆ తరువాత మంజీరా మీద నిజాంసాగర్ నిర్మించారు. సలహాదారు వెళ్లిన పిమ్మట ఇంటివారికి ఎంత విద్య మిగిలినదన్నదే ఆ సలహాకు సరియైన కొలత.

కనుక విద్యార్థి మిత్రులారా, పిలుపు వస్తే చేరండి. జీతం వేళకు వస్తుంది, పని నేర్పుతారు, మన ఇండ్లలో చాలామందికి ఆ రెండూ చిన్న విషయాలు కావు. అయితే చేరేముందు ఒప్పందం ఎన్ని నెలలదో, అది ముగిస్తే మీ గతి ఏమిటో కాగితం మీద అడగండి. కార్యాలయంలో పాతికేండ్లుగా కూర్చున్న గుమాస్తాతో స్నేహం చేయండి. మీ ల్యాప్‌టాపులో లేనిది ఆయన వద్ద ఉన్నది. మీరు వ్రాసిన ప్రతి మాటను, అది ఎవరికోసం వ్రాశారో వారికి ఒకసారి చదివి వినిపించండి. గంటల పట్టికలో దానికి సంఖ్య ఉండదు, అయినా వినిపించండి. వచ్చేటప్పుడు నేర్చినదంతా వ్రాసిపెట్టి, ఉండబోయే మనిషి ఒక్కడినైనా ఎంచి, వాని చేతిలో పెట్టి రండి. నేటి జీతానికి మించి ఇప్పుడు నేను తీసుకుంటున్నది ఏమీ లేదు. నిజానికి ఆనాటికన్నా అది తక్కువే. కాని ఏటేటా అరవై మంది ఎదుట నిలబడి విరాసత్ అన్న మాటను, దాని వెనుక ఉన్న నేలను, ఆ నేల కోసం నాలుగేండ్లు ఎదురుచూచిన పెద్దమ్మను గురించి చెప్పగలుగుతున్నాను. వారిలో పదిమంది రేపు అట్టి గదులలో కూర్చుంటారు. అప్పుడు యంత్రం వ్రాసిన మాటను అట్లే అచ్చుకు పంపక, ఒకసారి ఆగి చూతురని నా ఆశ.