తొట్టిలోని సముద్రము

అపారమైన సముద్రమును చిన్న తొట్టిలో నిముడ్చుట సాధ్యమా యని మా విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. సముద్రమునంతటిని ఇముడ్పలేము, కాని దాని గుణములలో నొకదానిని వేఱుచేసి పరీక్షించుటకు తొట్టి మిక్కిలి యుపకరించును.

2021వ సంవత్సరము జూన్ మాసాంతమున కెనడా దేశపు పశ్చిమభాగమున తీవ్రమైన యెండలు కాసెను. 29వ తేదీన లిట్టన్ అను గ్రామమున 49.6 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి నమోదయ్యెను. ఆటువేళ బయల్పడిన రాళ్లమీద నల్లని ఆల్చిప్పలు నోళ్లు తెఱచి రాసులుగా చచ్చిపడెను. ఆ ప్రాంతపు తీరములందు చచ్చిన ప్రాణులు నూఱుకోట్లకు మించియుండునని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ హార్లీ అంచనా వేసెను. చేప లోతునకు పోయి బ్రదుకవచ్చును. తన దారములతోనే తన్ను రాతికి కట్టుకొనిన యీ ప్రాణి యెక్కడికి పోగలదు?

ఆల్చిప్ప యెంత వేడిమిని, ఎంతకాలము సహింపగలదు? తీరమున దీనిని తేల్చుట కష్టము. అచ్చట ఎండ, ఆకలి, రోగము, ప్రాణవాయువు కొఱత యన్నియు కలిసి వచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు కొన్ని తొట్లలో ఒకేవిధమైన ఉప్పునీటిని నింపి, ఒకే వయసు ఆల్చిప్పలనుంచి, సూక్ష్మమైన నాచును సమముగా ఆహారమిత్తురు. కొన్నిటి వేడిమిని దినదినము కొంచెము కొంచెముగా హెచ్చింతురు. కొన్నిటిని మార్పులేక యుంచుదురు. నీటిలోని ఉష్ణమాపకము వార్త నందింపగా నియంత్రకయంత్రము వేడిచేయు కడ్డీనిగాని, చల్లబఱచు యంత్రమునుగాని నడిపించును. రాగి యీ ప్రాణులకు విషము గనుక ఉప్పునీరు తగులుచోట టైటానియము వాడుదురు. ఆల్చిప్పలు విసర్జించు అమోనియాను వడపోతలోని సూక్ష్మజీవులు మార్చివేయును. చిప్ప తెఱవకయే పరారుణకిరణముల సాయమున గుండె కొట్టుకొనుటను సయితము లెక్కింపవచ్చును.

ఇందొక చిక్కు కలదు. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. ప్రాణికి కావలసిన ప్రాణవాయువో హెచ్చును. గాలి చాలినంతగా నూదనిచో ఆల్చిప్ప ఊపిరాడక చచ్చినను వేడికి చచ్చెనని వ్రాయుదుము. మఱియు వేడితొట్లన్నియు ఒకే నీటిని పంచుకొనిన యెడల, ఆ నీటిలోని రోగము వేడివలె కనబడును. కావున ప్రతి వేడిమికిని వేఱువేఱు తొట్లు పెక్కు కావలెను.

ఇది దూరదేశపు విషయము మాత్రమే కాదు. మన కాకినాడ అఖాతమున గుల్లల నేరి జీవించువారు కలరు. ఆ గుల్లలు సున్నమునకును ఉపయోగపడును. ఆ ప్రాణుల యోర్పునకు హద్దెక్కడనో తెలిసికొనుట ఆ కుటుంబముల కూటికి సంబంధించిన సంగతి.

తొట్టిని కాచువాని బాధ్యతయు గొప్పది. రాత్రివేళ విద్యుచ్ఛక్తి నిలిచిపోయిన యెడల లోపలి ప్రాణి మొఱపెట్టలేదు. కాపరియే మేలుకొని చూడవలెను.

ఉపాధ్యాయులమైన మాకును, తలిదండ్రులకును ఇందొక పాఠము కలదు. బాలుడు పరీక్షలో తప్పినప్పుడు సోమరియని తేల్చుట సులభము. ఆకలియా, చూపు లోపమా, రాత్రి చదువుకొనుటకు దీపము లేకపోవుటయా? ఒక్కొక్క కారణమును వేఱుచేసి విచారింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు. మూగప్రాణియెడల శాస్త్రజ్ఞుడు చూపు నీ యోపికను దేవుడు మనకు అప్పగించిన బిడ్డలయెడల మనము చూపకుందుమా?