ఊతకర్ర పిడి



మోకాలి నొప్పి మొదలైన ఏడాది నున్నగా మెరిసే ఊతకర్ర ఒకటి కొన్నాను. దాని నునుపే నాకు నచ్చింది. ఒక వర్షాకాలపు ఉదయాన తడిచేతితో దానిపై బరువు మోపగా పిడి జారింది. గోడ అందినందున తుంటి ఎముక దక్కింది. జీవితమంతా ఇతరులకు జాగ్రత్తలు చెప్పిన నేను నా చేతిలోని వస్తువునే పరీక్షించలేదని సిగ్గుపడ్డాను.

పోలీసు ఉద్యోగం చేసి విరమించిన మిత్రుడొకరు ఆ సంగతి విని, "పిస్తోలు పిడిమీద గళ్లు అందానికి కాదు డాక్టరుగారూ, చెమటచేతిలో జారకుండా ఉండేందుకు. మరీ గరుకైతే మాత్రం రోజంతా నడుముకు ఒరుసుకుని తోలు లేస్తుంది" అన్నారు.

ఆ మాట కర్రకూ వర్తిస్తుంది. పిడి నున్ననైతే జారుతుందన్న భయంతో పిడికిలి బిగిస్తాము. ముంజేయి అలసిపోతుంది, అరచేతిలోని నరాలు నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మరీ గరుకైతే వయసుతో పలచబడిన చర్మం ఒరిసిపోతుంది. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి ఆ గాయం వెంటనే తెలియకపోవచ్చు.

కనుక కొనేముందు చేయి తడిపి పట్టి చూడండి. గట్టిగా బిగించకుండానే నిలిచే మెత్తని రబ్బరు పిడి మేలు. వేళ్ల కీళ్లవాతం ఉన్నవారికి కాస్త లావు పిడి సుఖం. చెప్పులు తొడుక్కుని నిటారుగా నిలబడి చేయి వేలాడదీస్తే, పిడి మణికట్టు ముడత ఎత్తున ఉండాలి. నొప్పి లేని వైపు చేతితో పట్టుకోవాలి.

నా కొత్త కర్రకు మెరుపు లేదు. అయితే మెట్లు దిగేటప్పుడు ఇప్పుడు నా దృష్టి పిడిమీద కాక మెట్లమీదే ఉంటున్నది.