వేగ నిర్ణయము

గడచిన వైశాఖమాసములో మేము శంషాబాదు విమానాశ్రయమునుండి ఢిల్లీకి బయలుదేరితిమి. ఆనాటి మధ్యాహ్నము రెండుగంటలకు అచ్చట మా యన్నగారికి శస్త్రచికిత్స. అంతకు ముందొకమాఱు వారి ముఖము చూడవలెనని మా తపన. విమానము రన్‌వేపై పరుగందుకొన్నది. అంతలో ఇంజన్ల హోరు చప్పున అణగినది; అందఱము ముందునకు తూలితిమి; విమానము నిలిచిపోయినది. ఏదో హెచ్చరిక కనబడుటచే ఆపితిమనియు, బ్రేకులు చల్లారువఱకు వేచియుండవలెననియు కెప్టెను ప్రకటించిరి. అది స్త్రీ కంఠము.

మా ప్రక్కనున్న పెద్దమనిషి, "ఆడవారి చేతికి పగ్గములిచ్చిన ఇట్లే యుండును. భయపడి ఆపినది" అనెను. చదువుకొన్నవాడే. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించినవారము, పత్రికలకు వ్రాసినవారము, మేము ఆ మాటకు బదులు చెప్పలేదు. మాకప్పుడు చేతి గడియారము తప్ప మఱేమియు కనబడలేదు. మేము చేరునప్పటికి అన్నగారిని లోపలికి తీసికొనిపోయిరి. సాయంకాలము వారు కులాసాగా కన్నులు తెఱచిరి; అది వేఱు మాట.

మా చెల్లెలి కుమార్తె విమానము నడుపును. మొన్న మా యింటికి వచ్చినప్పుడు ఈ కథయంతయు చెప్పి, "ఎగురవలసినది ఆపుట యేమమ్మా?" అని అడిగితిమి. ఆమె నవ్వినది. "ఎప్పటివఱకు ఆపవచ్చునో విమానము కదలకమునుపే లెక్కగట్టి యుంచుకొందుము, మామయ్యా. పరుగులో కూర్చుండి ఆలోచించుటకు వ్యవధి యుండదు" అని కాగితముపై మూడు పేర్లు వ్రాసినది.

మొదటిది వీ-వన్. ఆ వేగము రాకమునుపు ఇంజను చెడి ఆపనారంభించినచో, మిగిలిన రన్‌వేలో విమానము నిలుచును. అది దాటినపిదప ఆపబూనినచో నేల చాలకపోవచ్చును. ఇంజనొకటి పోయినను మిగిలినదానితో ఎగురుటయే క్షేమము. రెండవది వీ-ఆర్, ముక్కు పైకెత్తవలసిన వేగము. మూడవది వీ-టూ, ఒక ఇంజను ఆగినను రన్‌వేకు 35 అడుగుల యెత్తు చేరునప్పటికి ఉండవలసిన వేగము. ఈ అంకెలు ఏనాటికానాడు వేఱు. బరువు, గాలివాటము, ఎండ, రన్‌వే పొడవు, తడి, అన్నియు చూచి తేల్చుదురు. శంషాబాదు సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల యెత్తున నున్నది. మే నెల మధ్యాహ్నమున అచ్చటి గాలి మఱింత పలుచబడును. రెక్కకు పట్టు తగ్గును, ఇంజనుకు బలము తగ్గును. పరుగు దూరము పెరుగును.

ఆపుటయు తేలిక పని కాదు. వేగము రెట్టింపైనచో బ్రేకులు భరింపవలసిన శక్తి నాలుగు రెట్లగును. ఆనాడు మేము శపించుచు కూర్చున్న కాలమంతయు ఆ వేడి చల్లారుటకే.

ఆమె చెప్పినవానిలో మాకు మిక్కిలి నచ్చినది చేతి సంగతి. చాల సంస్థలలో, ప్రక్కనున్న సహాయచోదకుడే నడుపుచున్నను, ఆపు నిర్ణయము కెప్టెనుదే. పరుగు సాగుచుండగా కెప్టెను చేయి ఇంజన్ల బలము పెంచి తగ్గించు లీవర్లపై నుండును. "వీ-వన్" అని పిలుపు వినబడగానే ఆ చేయి తీసివేయుదురు. కీడు తోచినప్పుడు చేయి తనంతట తానే వెనుకకు లాగును గదా! లాగిన ప్రమాదమగు క్షణము వచ్చుసరికి చేయి అచ్చట లేకుండ చేసినారు.

"ఇంత లెక్కలో తప్పు దొర్లదా?" అంటిమి. దొర్లునట. 2009 మార్చి 20వ తేదీన మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ వారి ఎయిర్‌బస్ విమానమునకు బరువు 362.9 టన్నులకు మాఱుగా 262.9 టన్నులని నమోదైనది. యంత్రము లెక్క తప్పలేదు. దానికిచ్చిన అంకె తప్పు. విమానము లేవదు, తోక రన్‌వేను రాచుకొన్నది. కెప్టెను ఇంజన్లకు పూర్తి బలమిచ్చి, రన్‌వే దాటినపిదప ఎట్లో పైకి లేపెను. అందులోని 275 మందియు బ్రదికిరి. కిరాణా పద్దులో మూడును రెండని వ్రాసి మేమెన్నిమార్లు భార్యచేత చీవాట్లు తినలేదు!

మఱియొక సంగతి మమ్ము కలవరపెట్టినది. 2017 మార్చి 8వ తేదీన అమెరికాలో, మిషిగన్ రాష్ట్రమందలి ఇప్సిలాంటిలో, ఒక విమానము వీ-వన్ దాటి, ముక్కెత్తు వేగమునకు వచ్చియు ముక్కెత్తలేదు. నిలిపియుంచిన దినములలో ఈదురుగాలికి తోకయందలి పలక చిక్కుకొనిపోయినది. కెప్టెను నియమమును ప్రక్కకు నెట్టి ఆపెను. విమానము రన్‌వే చివర దాటి దూసికొనిపోయినది. 116 మందియు ప్రాణములతో బయటపడిరి. దర్యాప్తు చేసినవారు ఆ నిర్ణయము సరియైనదే యనిరి.

"అట్లయిన మీ నియమమేమైనట్లు?"

"ఇంజను చెడినను విమానము ఎగురగలదను నమ్మకముపై కట్టిన నియమము, మామయ్యా. ఎగురనే యెగురని దానికి అది చెల్లదు. కాని ఆ తేడా మూడు నాలుగు క్షణములలో తెలియవలెను."

ఇట్లని, మా విమానమాగిన తీరు మఱల అడిగి తెలిసికొని, "అయితే మీ కెప్టెను చేయి ఉండవలసిన చోటనే యున్నది. భయమెక్కడిది?" అన్నది. కొంచెమాగి, "ఆయన అట్లన్నప్పుడు మీరేమంటిరి?" అని అడిగినది.

మేము తలయూపితిమని చెప్పితిమి. అంతవఱకు చెప్పనిది ఆ యొక్క ముక్కయే. ఆమె కాగితము మడిచి బల్లపై నుంచినది. పిమ్మట, "పెద్దమామయ్యకు ఇప్పుడెట్లున్నది?" అని అడిగినది.