శూన్యమూ సమాధానమే

కౌటిల్యుని అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుని విధులను వివరించే ప్రకరణం ఒకటి ఉంది. నగర మహాద్వారం సమీపంలో శుల్కశాలను నిర్మించి, అక్కడ ధ్వజం నిలపాలని ఆ గ్రంథం విధించింది. బండ్ల బారుతో వచ్చిన వర్తకులు ఎవరు, ఎక్కడి నుండి వచ్చారు, ఎంత సరుకు తెచ్చారు, దానికి ముద్ర ఎక్కడ వేయించుకొన్నారు అనే వివరాలను నలుగురైదుగురు ఉద్యోగులు రాసుకొనేవారు. సుంకానికి భయపడి సరుకును తక్కువ చేసి చెప్పినవాడు ఆ అదనపు సరుకునైనా కోల్పోవాలి, లేదా ఎనిమిది రెట్ల సుంకమైనా చెల్లించాలి. లెక్క, పన్ను ఒకే చేతిలో ఉన్న వ్యవస్థ అది. అటువంటి చోట లెక్క చెప్పేవాని గుండెలో భయం ఉండటం సహజం.

ఐరోపాలో కూడా చాలాకాలం దేశాల సరిహద్దులే సరుకుల లెక్కకు ద్వారాలుగా ఉన్నాయి. 1993 జనవరి 1న ఏక విపణి అమలులోకి రావడంతో సభ్యదేశాల నడుమ కస్టమ్స్ పత్రాలు, తనిఖీలు తొలగిపోయాయి. లారీలు ఆగకుండా సాగిపోయాయి. ద్వారమే లేనప్పుడు ద్వారపాలకుడు ఎవరిని నిలిపి అడుగుతాడు? అయినా ఏ దారిని వెడల్పు చేయాలో, ఏ సరుకును రైలుకు మళ్ళించవచ్చునో నిర్ణయించాలంటే లెక్క తప్పనిసరి. అందుకే 1978 నాటి నిర్దేశం స్థానంలో 1998లో ఒక నిబంధన వచ్చింది. 2012లో దానిని తిరగరాశారు. ఈ పద్ధతిలో ప్రశ్న సరిహద్దు దగ్గర ఎదురుచూడదు. వాహన యజమాని ఇంటికే వెళుతుంది.

ప్రతి దేశపు గణాంక సంస్థ తన వాహనాల పట్టిక నుండి కొన్ని లారీలను నమూనాగా ఎంపిక చేస్తుంది. సాధారణంగా ఒక వారం రోజులపాటు ఆ లారీ ఏ సరుకును, ఎంత బరువున, ఎక్కడ ఎత్తి ఎక్కడ దించిందో యజమాని రాసి పంపాలి. వాహనం, ప్రయాణం, సరుకు అనే మూడు వర్గాలుగా కూర్చిన ఆ వివరాలు, త్రైమాసికం ముగిసిన ఐదు నెలలలోగా లక్సెంబర్గ్‌లోని యూరోస్టాట్ సంస్థకు చేరాలి.

అయితే అంకెలు కలవాలంటే ముందు మాటలు కలవాలి. బరువు అంటే సరుకు బరువేనా? పెట్టె, కంటైనరు బరువు కూడానా? ఒక దేశం ఒక విధంగా, మరొక దేశం ఇంకొక విధంగా తూచితే ఆ రెండింటి మొత్తానికి అర్థం ఉండదు. సోల, మానిక, కుంచం కొలతలు ఊరూరికీ మారిన కాలం తెలిసిన తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. యూరోస్టాట్, ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం, ఐరోపా రవాణా మంత్రుల సదస్సు కలిసి 1994లో రవాణా గణాంకాలకు ఒక పదకోశాన్ని ప్రకటించాయి. కొలమానం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరమైంది. ఇరవై టన్నులను యాభై కిలోమీటర్లు మోసిన లారీ చేసిన పని వెయ్యి టన్ను-కిలోమీటర్లు. ఐదు టన్నులను నాలుగువందల కిలోమీటర్లు మోసిన లారీ పని రెండువేలు. బరువును మాత్రమే చూసేవారు మొదటి లారీయే ఎక్కువ పని చేసిందని పొరబడతారు.

ఈ లెక్కలో మరొక విశేషం ఉంది. లారీ ఏ దేశంలో నమోదైతే దాని శ్రమ ఆ దేశపు ఖాతాలోనే చేరుతుంది. పోలండ్ లారీ ఫ్రాన్స్‌లో సరుకు ఎత్తి ఇటలీలో దించినా ఆ పని పోలండ్‌దే. అరిగిన దారులు మాత్రం ఫ్రాన్స్, ఇటలీలవి. కనుక ఎవరు మోశారో తెలిపే అంకెను, ఎక్కడ మోశారో తెలిపే అంకెగా చదవరాదు. ఎత్తిన చోటు, దించిన చోటు కూడా అడిగేది అందుకే.

ఇంతటి నిర్మాణానికి ఆధారం ఒక మనిషి నింపే కాగితం. ఎంపికైన లారీ ఆ వారమంతా మరమ్మతులో ఉండిపోయిందనుకుందాం. చెప్పడానికి ఏముందని యజమాని ఊరుకుంటే, తిరిగిన లారీలు మాత్రమే లెక్కలో మిగిలి, మొత్తం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కదలలేదన్న మాటా రాయవలసిందే; శూన్యమూ సమాధానమే. ఇక లారీ వారమంతా తిరిగినా, రాయడానికి విసిగి కదలలేదని పంపేవారూ ఉంటారు. అప్పుడు మొత్తం తగ్గిపోతుంది. ఒకటి నిజమైన శూన్యం, మరొకటి బద్ధకపు శూన్యం. కాగితం మీద రెండూ ఒకే విధంగా ఉంటాయి. నమూనాలోని ఒక లారీ తనవంటి ఎన్నో లారీల పక్షాన మాట్లాడుతుంది గనుక, ఒక్కరి అసత్యం ఒక్కరిదిగా ఉండిపోదు.

ఆ తేడాను చట్టం పూర్తిగా పట్టుకోలేదు. అయితే నిజం చెప్పడానికి అడ్డుగా నిలిచే భయాన్ని అది తొలగించగలదు. గణాంకాల కోసం సేకరించిన వ్యక్తిగత వివరాలను రహస్యంగా ఉంచాలని, గణాంకాలకే వినియోగించాలని 2009 నాటి ఐరోపా గణాంక చట్టం ఆదేశిస్తోంది. కౌటిల్యుని శుల్కశాలలో ఒక్కటిగా ఉన్న లెక్కను, పన్నును ఇక్కడ వేరుచేశారు. ఆనాడు సరుకును సరిగా చెప్పించినది ఎనిమిది రెట్ల సుంకం మీది భయం. ఈనాడు చెప్పించవలసినది పరస్పర విశ్వాసం. అడిగేవాడు మాట నిలుపుకోవాలి. చెప్పేవాడు నిజం చెప్పాలి. ఈ రెండూ ఉన్నప్పుడే వేర్వేరు భాషలు మాట్లాడే దేశాల అంకెలన్నీ ఒకే అర్థాన్ని పలుకుతాయి.