గణపురం కోటగుళ్లు

భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లు కప్పులేని మ్యూజియంలాంటివి. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, జంట ప్రాకారం లోపల చిన్నా పెద్దా కలిపి 22 గుళ్లు వెలిశాయి. చాలామటుకు కూలిపోయాయి. అయినా ప్రధానాలయం చూరు కింద మదనికలు అనే స్త్రీ శిల్పాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఏనుగు మీద స్వారీ చేసే సగం మనిషి, సగం సింహం రూపం, గజకేసరి, తీరిగ్గా నిలబడి చూడాల్సిన శిల్పం. శిల్పం ఏ స్తంభానికి, ఏ చూరుకు చెక్కారో అక్కడే చూడటం అద్దాల పెట్టెలో దొరకని భాగ్యం. పక్క ములుగు జిల్లాలోని రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. అక్కడిదాకా వెళ్లేవారు కోటగుళ్లకూ ఒక పూట కేటాయించాలి. భూపాలపల్లి జిల్లాలోనే, రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రాతి చిత్రాలున్నాయి.