హెచ్చరిక దీపం వెలిగిన రాత్రి

మావారి గుండెకు స్టెంట్లు వేశారు. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటారు. పొద్దున్నే నడక మానరు, మెట్లు ఆగకుండా ఎక్కుతారు. అమెరికా బయల్దేరే ముందు గుంటూరులో మా డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, ప్రయాణానికి ఇబ్బందేమీ లేదన్నారు. 2024 మార్చిలో లాస్ వేగస్ మీద రాత్రిపూట హెలికాప్టర్లో మేం పడిన అవస్థ చెప్పబోతూ ముందుగా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత్రి నా భయంలో ముప్పాతిక భాగం ఆయన గురించే.

అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియాలో ఉంటారు. మా పెళ్లిరోజుకి కానుకగా ఈ టికెట్లు కొన్నారు. లాస్ వేగస్‌లో హోటళ్లు, జూదశాలలు వరసగా ఉండే రోడ్డుని స్ట్రిప్ అంటారు. పొడవు సుమారు 6.8 కిలోమీటర్లు. రాత్రి దీపాల వెలుగులో దాన్ని పై నుంచి చూపించి, పావుగంటలోపే తిరిగి దించేస్తారు. వెళ్లొచ్చిన వాళ్లంతా బాగుందన్నారని అమ్మాయి చెప్పింది.

ఎక్కే ముందు ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టి బరువు చూశారు. హెలికాప్టర్లో బరువు ఒక పక్కకి ఎక్కువైతే అదుపు కష్టమవుతుంది కాబట్టి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువుని బట్టే నిర్ణయిస్తారు. పైలట్ పక్కన ముందు సీట్లు మావారికీ అమ్మాయికీ వచ్చాయి. వెనక నలుగురి వరసలో నేనూ అల్లుడూ, మాతోపాటు వేరే దేశం నుంచి వచ్చిన ఓ పెద్దవయసు దంపతులు. సంచులు లోపలికి తీసుకెళ్లకూడదన్నారు. నా చేతిసంచీ కౌంటర్లోనే ఉండిపోయింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర మావారు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంచుకుంటారు. అయితే భుజాల మీదుగా వచ్చే బెల్టు సరిగ్గా ఆ జేబు మీద నుంచే బిగిసింది.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. పైలట్ మాటలు, పాటలు మాకు వినబడతాయి. మేం మాట్లాడితే మాత్రం పక్కవాళ్లకి కూడా వినబడదు. రెక్కల మోత అంత ఉంటుంది.

లేచిన మొదటి నిమిషాలు నిజంగా అందమైనవే. విమానాశ్రయం స్ట్రిప్ పక్కనే ఉంటుంది కాబట్టి, నేల వదిలిన వెంటనే లగ్జర్ హోటల్ నల్ల పిరమిడ్, దాని కొన నుంచి నిటారుగా ఆకాశంలోకి పోయే వెలుగు కనిపించాయి. తర్వాత బెలాజియో ముందు చెరువులో ఎగిసే ఫౌంటెన్లు, వాటికి ఎదురుగా 540 అడుగుల నకలు ఈఫిల్ టవర్. 2023 సెప్టెంబరులో తెరిచిన స్ఫియర్ అనే గుండ్రటి కట్టడం 366 అడుగుల ఎత్తు. దాని ఒళ్లంతా తెరే. క్షణానికో బొమ్మ మారుతోంది. అమ్మాయి వెనక్కి తిరిగి నాకు వేలితో చూపిస్తోంది. మావారి తల వెనకభాగం మాత్రమే నాకు కనబడుతోంది.

స్ట్రిప్ ఉత్తరపు కొసన 1,149 అడుగుల స్ట్రాట్ టవర్ ఉంది. అది దాటి పాత ఊరు వైపు వెళ్తుండగా గాలి కొట్టింది. ఆ ఎడారిలో వసంతకాలంలో ఈదురుగాలులు మామూలేనట. హెలికాప్టర్ ఒక్కసారి కిందికి జారి, పక్కకి ఒరిగి, మళ్లీ నిలబడింది. కడుపులో పేగులు గొంతులోకి వచ్చాయి. వెంటనే ఇంకో రెండు కుదుపులు. పక్కనున్న పెద్దావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో పాట ఆగిపోయింది. మావారి భుజం పక్క నుంచి చూస్తే పైలట్ ముందున్న పలక మీద అంతకుముందు లేని చిన్న దీపం ఒకటి వెలుగుతోంది.

పైలట్ ఏదో చెప్పాడు. ఆ యాస, ఆ వేగం నాకు అందలేదు. ‘ల్యాండ్’ అన్న మాట ఒక్కటే తెలిసింది. నగరం దీపాలన్నీ ఒక వైపుకి ఒరిగిపోయాయి. మేం తిరుగుతున్నామని అర్థమైంది, ఎటు తిరుగుతున్నామో అర్థం కాలేదు. లాస్ వేగస్ దీపాలు క్రమంగా పలచబడవు. వరిచేను గట్టు దగ్గర ఆగినట్టు ఒక గీత దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఎడారి, కొండలు, చిమ్మచీకటి. మేం ఆ చీకటి వైపే పోతున్నట్టు నాకు తోచింది.

మా అల్లుడు ఫోన్ తీసి తెలుగులో టైపు చేసి నా ముందు పెట్టాడు. ‘అత్తయ్యగారూ, ఏదో హెచ్చరిక లైటు వచ్చిందట. ముందు జాగ్రత్తగా దగ్గర్లో ఉన్న ఇంకో ఎయిర్‌పోర్టులో దించుతున్నాడు. భయపడకండి.’ చదివాను. చదివాక కాళ్లు, చేతులు వణకడం మొదలైంది. ఆపాలనుకున్నా ఆగలేదు. నోరు ఎండిపోయింది.

అప్పుడే మావారి కుడిచెయ్యి ఛాతీ మీదికి వెళ్లడం చూశాను. బెల్టు కింద వేళ్లు దూర్చడానికి ప్రయత్నిస్తున్నారు. మధ్యలో మూరెడు దూరం కూడా లేదు. నేను ముందుకు వంగలేను, నా బెల్టు పట్టేసింది. అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. అమ్మాయి మాత్రం గమనించింది. ఒక చేత్తో ఆయన బెల్టు పక్కకి లాగి, రెండో చేత్తో జేబులోంచి మాత్ర తీసి ఆయన నోట్లో పెట్టింది. ఆ తర్వాత ఆయన మణికట్టు పట్టుకుని వదల్లేదు. నేను ఆంజనేయస్వామిని తలుచుకుంటూ ఆ రెండు చేతులనే చూస్తూ కూర్చున్నాను. కింద ఏ దీపాలున్నాయో ఇక చూడలేదు.

మమ్మల్ని దించింది నార్త్ లాస్ వేగస్ విమానాశ్రయంలో. దీపం వెలిగాక గాలిలో ఉన్న ఆ కాసేపు నాలుగైదు నిమిషాలకు మించదని అల్లుడు తర్వాత చెప్పాడు. పైలట్ చాలా మెత్తగా దించాడు. పైన రెక్కలు పూర్తిగా ఆగేవరకూ ఎవర్నీ కదలనివ్వలేదు. అప్పటికే అంబులెన్స్‌ని పిలిపించాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, తెల్లవార్లూ ఉంచుకున్నారు. గుండెకేమీ కాలేదు, భయం వల్ల బీపీ పెరిగి ఛాతీ పట్టేసిందని చెప్పారు. మావారు నా వైపు చూసి ‘నువ్వెలా ఉన్నావోయ్’ అని అడిగారు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ దీపం సంగతి పైలట్ మర్నాడు అల్లుడికి ఫోన్ చేసి వివరించాడు. ఇంజిన్లోనూ గేర్‌బాక్సులోనూ తిరిగే నూనెలో చిన్న అయస్కాంతపు బిరడా ఉంటుంది. లోపల పళ్లు, బేరింగులు అరిగి ఇనప రజను రాలితే అది బిరడాకి అంటుకుని దీపం వెలుగుతుంది. ఒక్కోసారి అది లెక్కలోకి రాని నలుసే కావచ్చు, ఒక్కోసారి గేరు విరగబోతోందనడానికి గుర్తు కావచ్చు. గాలిలో ఉండగా ఆ రెండింటిలో ఏదో తెలుసుకునే దారి లేదు. ఇంజిన్ ఆగినా హెలికాప్టర్ రాయిలా పడిపోదట, కిందనుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ దిగుతుందట. కానీ దిగడానికి ఖాళీ నేల కావాలి. కింద జనంతో నిండిన రోడ్లు, కరెంటు తీగలు, భవనాలు ఉన్న చోట రాత్రిపూట ఆ నేల ఎక్కడ వెతకాలి? అందుకే దీపం వెలిగిన వెంటనే అతను తిరిగాడు.

తర్వాత ఇలాంటి ప్రమాదాల గురించి చదివాను. లాస్ వేగస్ నుంచే 2011 డిసెంబరు 7న సాయంత్రం హూవర్ డ్యామ్ చూపించడానికి బయల్దేరిన హెలికాప్టర్ కొండల్లో కూలి పైలట్, నలుగురు ప్రయాణికులు చనిపోయారు. రెక్కల్ని అదుపు చేసే చోట వాడేసిన నట్టునే మళ్లీ బిగించారనీ, అది ఊడకుండా పెట్టాల్సిన పిన్ను అసలు పెట్టకపోవడమో, సరిగా పెట్టకపోవడమో జరిగిందనీ, మరమ్మతు చేసినవాళ్ల అలసట కూడా ఒక కారణమనీ దర్యాప్తులో తేలింది. 2018 మార్చి 11న న్యూయార్క్‌లో నగరాన్ని ఫొటోలు తీసుకోవడానికి తలుపులు తెరిచి తిప్పిన హెలికాప్టర్ ఈస్ట్ నదిలో పడింది. పైలట్ బయటపడ్డాడు. అయిదుగురు ప్రయాణికులు ఒంటికి కట్టిన పట్టీలు విప్పుకోలేక నీళ్లలో మునిగిపోయారు. ఇవి చదివాకే మా పైలట్ మాకు చేసిన మేలు ఎంతటిదో తెలిసింది.

మా ఊరు తెనాలి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు సీలింగ్ ఫ్యాన్ స్పీడు పెంచితే నా చేతులకు చెమటలు పట్టేవి. వేసవిలో ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి పడుకున్నాను. డాక్టరుగారు చెప్పినట్టు నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం సాధన చేశాను. ఫ్యాన్ స్పీడు ఒక్కో అంకె పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు నిద్రపడుతోంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నల్ని ప్రేమతో ఇలాంటివి ఎక్కిస్తారు. ఎక్కించవద్దని నేననను. ఎక్కే ముందు బెల్టు ఎలా విప్పాలో, తలుపు ఎలా తెరవాలో పెద్దవాళ్లకి తెలుగులో చెప్పి, వాళ్ల చేతనే ఒకసారి చేయించండి. బరువు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గుండెజబ్బు ఉన్నవాళ్లని ఒంటరిగా వేరే వరసలో కూర్చోబెట్టవద్దని కౌంటర్లో అడగండి. మందు బెల్టు కిందికి పోకుండా చేతికి అందేలా ఉంచండి. గాలి బాగాలేదని ప్రయాణం రద్దు చేసినా, సగంలో దించేసినా డబ్బు కోసం వాదించకండి. మాతో ఎక్కిన ఆ పెద్దాయన దిగగానే పైలట్ చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. అతనికి అందాల్సింది అదే.