హంసలదీవికి గూడుబండి

సినీతారలకు కారవాన్ ఉంది, మనకెందుకుండకూడదూ? ఇదీ మా బావగారి పట్టు! కారుకు తగిలించే ట్రైలరు, అదీ పెద్దదే కావాలట. మాఘ పౌర్ణమికి అమ్మచేత హంసలదీవిలో సాగరస్నానం చేయించాలి. ఆవిడకు మోకాళ్లనొప్పులు, దారిలో నడుం వాల్చాలి.

నేను చిన్నదే చాలన్నాను. చల్లపల్లి నుంచి మోపిదేవి, అవనిగడ్డ దాటితే చివరకు పాలకాయతిప్ప ఇసుక. బరువైతే చక్రం దిగబడదూ? ఖాళీ బరువు కాదు, నీళ్లూ గ్యాసూ సామానూ ఎక్కించాక బరువు చూడాలి. కారు లాగగలిగినదానికంటే అది తక్కువుండాలి. భారం కాస్త ముందుకుండాలి. వెనక్కిపోతే ట్రైలరు తోక ఊపుతుంది. ఈ సంగతి తాతయ్యకు తెలుసు: గూడుబండి వెనక బరువైతే కాడి లేచి ఎడ్ల గొంతు బిగుస్తుంది!

బావగారు దిగొచ్చారు. చిన్న ట్రైలరు చూసి అమ్మ నవ్వింది: "మన గూడుబండే కదరా! ఎడ్లేవీ?"